వాకిలి ఎవరిది?

కిందటి నెల మన సంఘం సమావేశం ముగిసి, పులిహోర పొట్లాలు పంచుతున్న సమయంలో ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "ఏమండీ డాక్టరుగారూ, ఇంటిముందు దయ్యాల కొలువు పెట్టారటగా!" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు, మేమూ నవ్వాము. ఆ నవ్వు ఆగకముందే ఆయన, "బొమ్మల కొలువు పెట్టవలసిన చేతులతో సమాధులు పెట్టడమేమిటండీ?" అని మరో ప్రశ్న వేశారు. అప్పటికి ఏదో సర్దిచెప్పి, పొట్లం పుచ్చుకుని బయటపడ్డాము. సంపాదకులు ఈ సంచికకు ఏదయినా వ్రాసి ఇమ్మన్నప్పుడు ఆ బాకీ గుర్తుకు వచ్చింది. అయితే మనది కాని పండుగను మన పిల్లలు చేయవచ్చునా కూడదా అన్న చర్చ మన సభ్యుల మధ్య చాలాసార్లు జరిగినదే. దాన్ని మళ్ళీ తిరగదోడే ఉద్దేశం మాకు లేదు. మా దయ్యాలు మమ్మల్ని వేరే ప్రశ్న అడిగాయి. ఆ సంగతి ఇక్కడ మనవి చేస్తాము.

మేము కాపురముండే ఊరి పేరు సార్. (కొత్తగా వచ్చినవారు "సార్ ఎక్కడుంటారు?" అంటే "సార్‌లో" అని చెప్పి నవ్వించడం మాకిక్కడ ఉన్న కొద్దిపాటి వినోదాలలో ఒకటి.) ఒకే ప్రహరీ లోపల ఇరవై ఇళ్ళు, మధ్యలో ఒక వీధి, రెండు వేపచెట్లు. జుఫేర్‌లో అమెరికా నౌకాదళపు స్థావరం ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. 1995లో వారి అయిదవ నౌకాదళాన్ని మళ్ళీ ఏర్పాటు చేసి, ప్రధాన కార్యాలయం ఇక్కడే పెట్టారు. అమెరికా కుటుంబాలు, ఇంగ్లీషు బడుల టీచర్లు మా ప్రహరీలోనూ కొందరున్నారు. అక్టోబరు చివరి వారం వచ్చేసరికి ఎండ తగ్గి, సాయంత్రం బయట కూర్చోగలిగే గాలి మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే హాలోవీన్ వస్తుంది. 31వ తేదీ రాత్రి పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఇళ్ళవారు వాకిళ్ళలో దయ్యాలు, అస్థిపంజరాలు, సమాధులు అలంకరిస్తారు. మన పల్లెల్లో ఒకప్పుడు దసరాకు పంతులుగారు పిల్లలకు వెదురు విల్లంబులిచ్చి, పప్పుబెల్లాల కోసం ఇంటింటికీ తిప్పిన ముచ్చట విన్నవారికి ఇదేమీ విడ్డూరం కాదు. బహ్రెయిన్ పిల్లలకూ రంజాను నెల మధ్యలో గెర్గావూన్ ఉన్నది. ఆ రాత్రి వాళ్ళు సంచులు మెడలో వేసుకుని, పాడుతూ ఇంటింటికీ వెళ్ళి గింజలూ మిఠాయిలూ తెచ్చుకుంటారు. అడిగే పిల్లా, పెట్టే గడపా ఉన్నచోటల్లా ఇటువంటిది ఒకటి పుడుతుందని మా అనుమానం.

మా అమ్మాయికి ఏడేళ్ళు. ఎదురింటి వాకిట్లో కళ్ళు ఎర్రగా వెలిగే ప్లాస్టిక్ అస్థిపంజరం వెలిసిన నాటినుంచి మా ఇంట్లో అన్నం సరిగా తినడం మానేసింది. దుకాణానికి వెళ్ళి చూశాము. అటువంటిది పదిహేను దినార్లు. కొనలేక కాదు కాని, పదిహేను దినార్లు పెట్టి ఎముకలు కొనడానికి డాక్టరుకు మనసొప్పలేదు. మా శ్రీమతి అయితే, "మీరు చదువుకునే రోజుల్లో కొన్నవి చాలు" అన్నది. ఆ మాట సంగతి తరువాత చెబుతాము. చివరకు మూడు దినార్లకు మించకుండా, ఇంట్లో ఉన్నవాటితో, అన్నీ మేమే చేయాలని నిర్ణయించాము.

ఆ నాలుగు సాయంత్రాలు ఈ సంవత్సరంలో మేము గడిపిన మంచి సాయంత్రాలు. అది దాచుకోవడం అబద్ధమవుతుంది. మందులు చల్లగా ఉంచి పంపే తర్మాకోలు పెట్టెలు ఆసుపత్రిలో ఊరికే పారేస్తారు. అడిగి నాలుగు తెచ్చాము. వాటిని కోసి సమాధి రాళ్ళు చేశాము. (చేయదలచినవారికి ఒక మాట. నూనెరంగు, స్ప్రే రంగు తగిలితే తర్మాకోలు కరిగి గుంటలు పడుతుంది. గోడలకు వేసే నీళ్ళరంగు మంచిది. కాల్చిన తీగతో కోస్తే నున్నగా తెగుతుంది గాని, ఆ పొగ పీల్చరాదు. ఆరుబయట కూర్చుని, పిల్లల్ని దూరంగా ఉంచి చేయాలి.) మందుల డబ్బాలో గడువు తీరిన గాజుగుడ్డను టీ డికాక్షన్‌లో ముంచి ఆరవేసి, పోగులు లాగితే అచ్చం పాత సాలెగూడు. ఆలీ కుమ్మరుల దగ్గర ఒక బీటు పడ్డ కుండ అయిదు వందల ఫిల్సులకు ఇచ్చారు. గుమ్మడికాయకు బదులు దానికే కళ్ళూ పళ్ళూ తొలిచాము. మట్టికుండను తడిపి ఉంచి, తొందరపడకుండా తొలిస్తే పగలదు. లోపల కొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపం పెట్టాము. వేషాలలో ఉన్న పిల్లలు తిరిగే చోట నిప్పు పెట్టరాదని కాలిన గాయాలు చూసిన ఏ వైద్యుడైనా చెబుతాడు.

అన్నిటికన్నా మేము గర్వపడ్డది పెద్ద దయ్యాన్ని చూసి. పాత తెల్లదుప్పటి ఒకటి చిక్కటి గంజిలో ముంచాము. ఒక కర్రమీద కుండ బోర్లించి, చేతుల్లాగా మరో కర్ర అడ్డంగా కట్టి, దానిమీద తడిదుప్పటి కప్పి రెండు రోజులు వదిలేశాము. గంజి ఆరి గట్టిపడ్డాక లోపలి కర్రలూ కుండా తీసేసినా దుప్పటి తల ఉన్నట్టే, భుజాలు ఉన్నట్టే నిలబడింది. దాన్ని వేపకొమ్మకు సన్నటి తీగతో వేలాడదీశాము. గాలికి మెల్లగా తిరిగేది. మా అమ్మాయి మొదటి రాత్రి కిటికీలోంచి చూసి భయపడి, మరుక్షణమే "దానికి నేనే గంజి పట్టించాను" అని ధైర్యం తెచ్చుకున్నది. భయానికి తన చేతులతో ఒక ఆకారం చేసిన పిల్లకు ఆ భయం కొంత వశమవుతుందని మేము వైద్యులుగా కూడా నమ్ముతాము. సూది అంటే హడలిపోయే పిల్లల చేతికి సూది లేని సిరంజి ఇచ్చి, ముందు బొమ్మకు పొడవమనడం పిల్లల వార్డుల్లో మామూలే.

సమాధి రాళ్ళ దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఎదురింటివారి రాళ్ళమీద నవ్వుపుట్టించే పేర్లున్నాయి. మా అమ్మాయి రంగు కుంచె పట్టుకుని, "నాన్నా, ఎవరి పేరు వ్రాయాలి?" అన్నది. మాకు నోట మాట రాలేదు. మా శ్రీమతి వంటింట్లోంచి, "పేరేమీ వద్దమ్మా, రాయిగానే ఉండనీ" అన్నది.

31కి మూడు రోజులుందనగా, పొద్దున ఆసుపత్రికి బయలుదేరుతుంటే ప్రహరీలో తోటపని చేసే అతను గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లె అతనిది. పదకొండేళ్ళుగా ఇక్కడ ఉన్నాడు. వారానికి మూడు రోజులు మా మొక్కలకూ నీళ్ళు పెడతాడు. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి, ఆ రోజు తల దించుకుని, "సార్, ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరా?" అని అడిగాడు.

బాగానే ఉన్నామన్నాము. అతను వేపచెట్టు వంక చూపించి, "పొద్దుగాల మసకల ఒచ్చిన సార్. తెల్లబట్ట జూసి ఇంట్ల ఏమన్న అయిందేమో అనుకున్న" అన్నాడు. మేము నవ్వుతూ పండుగ సంగతి చెప్పబోయాము. అతను కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. "ఎరుకే సార్, దయ్యాల పండుగ. ఏటా జూస్త గద. గని మొన్ననే మా రూముల ఒకాయన పోయిండు. పదిహేను దినాలైంది. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. మేమే దుప్పటి గప్పినం. గిట్లనే తెల్లదుండె."

వయసెంత అంటే నలభై రెండు అన్నాడు. కాగితంలో ఏం వ్రాశారంటే, గుండె ఆగిందని వ్రాశారన్నాడు. (పోయినవారందరి గుండే ఆగుతుంది. అది మరణానికి కారణం కాదు, మరణానికే మరో పేరు. చాలా దేశాలలో చాలా కాగితాలమీద ఆ మాటే ఉంటుంది. మేము కూడా జీవితంలో ఆ మాట వ్రాసి సంతకం చేసిన వాళ్ళమే.) పెట్టె శంషాబాదుకు వెళ్ళడానికి తొమ్మిది రోజులు పట్టిందట. అతను నీళ్ళగొట్టం తీసుకుని మా మొక్కల దగ్గరకు వెళ్ళాడు. ఆ దుప్పటి కిందనుంచే వెళ్ళాలి. వేరే దారి లేదు.

ఆ రాత్రి ఇంట్లో వాదన అయింది. తీసేద్దామన్నది మా మాట. మా శ్రీమతి ఒప్పుకోలేదు. ఆమె కఠినురాలు కాదు. ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. "తీసేస్తే తగ్గేది అతని బాధా, మీ ఇబ్బందా? రేపు అతను వచ్చి అది లేకపోవడం చూస్తే, తన మాటవల్ల పిల్ల ఆట పోయిందని ఇంకా నొచ్చుకుంటాడు. లోకంలో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. అలా చూస్తే ఎవరూ ఏ పండుగా చేయకూడదు." పైగా ఎదురింటి అస్థిపంజరం సంగతేమిటి? అతను రోజూ దానిముందునుంచి కూడా వెళ్తున్నాడు కదా?

ఆ చివరి ప్రశ్న మాకు ఉపకారం చేసింది. మర్నాడు అతన్నే అడిగాము. "అది బొమ్మ గద సార్" అన్నాడు, అడగడానికి ఏముందన్నట్టు.

అక్కడే మా ఆలోచన ఆగిపోయింది. పదిహేను దినార్ల ప్లాస్టిక్ ఎముకలు ఎవరినీ బాధించవు, ఎందుకంటే అవి ఎవరివీ కావు. అచ్చులో పోసి, పెట్టెలో పెట్టి, ఓడలో వచ్చిన వస్తువు అది. మేము మాత్రం డబ్బు మిగుల్చుకుని, ఇంట్లోని దుప్పటి తీశాము. దుప్పటికి తన గతం ఉన్నది. దానికింద మనుషులు పడుకున్నారు, జ్వరాలు పడ్డారు. ఇంటి వస్తువుతో చేసిన అలంకారంలో ఆ వస్తువు పాత అర్థం పోదు. మేము గంజి పెట్టి గట్టిచేసింది ఆ అర్థాన్ని కూడా. కొనుక్కున్న బొమ్మకన్నా చేతితో చేసినది ఉత్తమమని మేము ఇప్పటికీ అంటాము. అయితే ఉత్తమం కావడానికి ఏది కారణమో, గుచ్చుకోవడానికీ అదే కారణమని అంతకు ముందు మాకు తట్టలేదు.

మా శ్రీమతి ఎత్తిపొడిచిన ఎముకల సంగతి ఇక్కడ చెప్పాలి. వైద్యవిద్య మొదటి సంవత్సరంలో సీనియర్ల దగ్గర ఎముకల పెట్టె కొనుక్కోవడం మన కాలేజీలలో ఆనవాయితీ. మా పెట్టె హాస్టలులో మంచం కిందనే ఉండేది. పుర్రెకు మా రూమ్మేటు మఫ్లరు చుట్టేవాడు, పుట్టినరోజుకు టోపీ పెట్టేవాడు. అందరం నవ్వేవాళ్ళం. అది ఎవరిదని ఆ ఏడాదంతా మేము ఒక్కసారి కూడా అడగలేదు. ఒకప్పుడు ప్రపంచంలోని వైద్యకళాశాలలకు అస్థిపంజరాలు చాలావరకు మన దేశంనుంచే, ముఖ్యంగా కలకత్తా నుంచి వెళ్ళేవి. ఆ ఎగుమతిని ప్రభుత్వం 1985లో నిషేధించింది. ఎవరూ అడగని బీదవారి ఎముకలు అవి. ఇప్పుడు అమెరికా వాకిళ్ళలో వేలాడే ప్లాస్టిక్ బొమ్మ ఆకారం తరతరాల విద్యార్థులు అటువంటి ఎముకలు చూసి నేర్చుకున్న ఆకారమే. మేము ఆనాడు అంత హాయిగా ఎలా నవ్వగలిగామని ఆలోచిస్తే, జవాబు చాలా మామూలుది. ఆ పుర్రెను ఎరిగినవాడెవడూ మా హాస్టలు కిటికీ ముందునుంచి నడిచి వెళ్ళలేదు.

హాలోవీన్ పుట్టినచోట కథ వేరు. అది ఐర్లండు పల్లెల పండుగ. క్రైస్తవానికి ముందు సావిన్ అని, చలికాలం మొదలయ్యే రాత్రి. ఆ తరువాత నవంబరు 1న సకల పునీతుల పండుగ, 2న పోయినవారందరి స్మరణ దినం దాని పక్కన చేరాయి. వాళ్ళు దీపాలు తొలిచినది గుమ్మడికాయలలో కాదు, టర్నిప్ దుంపలలో. 1845 తరువాత బంగాళాదుంప తెగులుతో వచ్చిన కరువులో పది లక్షలమంది పోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కారు. అమెరికాలో వాళ్ళకు గుమ్మడికాయ చవకగా, మెత్తగా దొరికింది. దుంప పోయి కాయ వచ్చింది. అంటే ఇది కూడా పొట్టచేత పట్టుకుని సముద్రం దాటినవారి వెంట ప్రయాణం చేసిన పండుగే. చేతికి దొరికిన చవక సరుకుతో చేసుకున్నదే. కాని ఆ దుంప దీపం చూసే ప్రతివాడికీ అది ఏ రాత్రో తెలుసు. ఆ సంవత్సరం ఆ వీధిలో ఎవరింట్లో ఎవరు పోయారో కూడా తెలుసు. చావుతో ఆడుకునే హక్కు ఆ తెలిసి ఉండడం వల్ల వచ్చినదేమో.

మన దగ్గరా అంతే. తెలంగాణలో పెత్రమాసనాడు పోయిన పెద్దల పేర బియ్యమిస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మతో పూల పండుగ మొదలవుతుంది. తంగేడు, గునుగు — చెరువు గట్టున ఊరికే పూసే పూలు, కానీ ఖర్చు లేదు. పొద్దున పోయినవారు, సాయంత్రం పూలు. ఒకే ఇల్లు, ఒకే చేతులు. అక్కడ ఎవరికీ ఎబ్బెట్టు అనిపించదు. బహ్రెయిన్ పిల్లల హియా బియా చూసినప్పుడు మాకు లంబాడా ఆడపిల్లల తీజ్ గుర్తుకు వస్తుంది. ఇక్కడ చిన్న ఈతాకుల బుట్టలో బార్లీ మొలకెత్తించి, బక్రీదుకు ముందురోజు సాయంత్రం సముద్రంలో వదులుతారు. అక్కడ గోధుమ మొలకలను తొమ్మిది రోజులు పెంచి, చెరువులో వదులుతారు. చేసేది పిల్లలే, ఖర్చు పిడికెడు గింజలే, చివర నీళ్ళలో వదిలేయడమే. ఆ గట్టుమీద నిలబడినవారికి ఎవరూ వివరం చెప్పనక్కరలేదు.

మన పల్లెలో వీధిలో శవం ఉంటే అది కదిలేదాకా పొయ్యి రాజేయరు. గుడి తలుపు తీయరు. ఏ పండుగైనా సరే, డప్పు ఆగుతుంది. చిన్నప్పుడు అది మూఢాచారమని మేము వాదించేవాళ్ళం. ఇప్పుడనిపిస్తుంది, అది ముందు ఒక సమాచార వ్యవస్థ. ఎవరు పోయారో వీధికి తెలిసేది, కనుక వీధి ఎంతసేపు ఆగాలో కూడా తెలిసేది. పదకొండో రోజు దాటాక మళ్ళీ డప్పు మోగితే దుఃఖంలో ఉన్న ఇల్లు కూడా తప్పు పట్టేది కాదు. మా శ్రీమతి అడిగిన దానికి మాకు దొరికిన జవాబు ఇంతవరకే. లోకంలోని చావులన్నిటికీ పండుగలు ఆపమని ఎవరూ అనరు, ఆసుపత్రిలో అయితే అసలు కుదరదు. కాన్పు వార్డులో మిఠాయి పంచుతుంటే అదే వరండా చివర ఎవరో ఏడుస్తూనే ఉంటారు. మిఠాయి ఆపము, గొంతు తగ్గిస్తాము. వరండా చివర ఎవరున్నారో తెలుసు గనుక తగ్గిస్తాము. మా సార్ వీధిలో మాకు అది తెలియదు. మా మొక్కలకు నీళ్ళు పెట్టే మనిషి గదిలో పదిహేను రోజుల క్రితం ఒకరు పోయారని మాకు తెలియచెప్పినది ఒక దుప్పటి.

"మా వాకిలి మా ఇష్టం" అనవచ్చు. ఇంటి లోపల బొమ్మల కొలువు అయితే ఆ మాట చెల్లుతుంది. వాకిట్లో పెట్టేది మాత్రం మనకోసం కాదు; మనం ఇంట్లో కూర్చుంటే మనకు కనబడనే కనబడదు. దారిన పోయేవారు చూడాలనే పెడతాము. చూపు వారిది కావాలనుకున్నప్పుడు, ఆ చూపులో ఏమున్నదన్న విచారం మనకు లేకపోతే ఎలా? దారిన పోయేవారు కూడా అందరూ ఒకటి కారు. ఇష్టంలేని టీచరు వేరే వీధిగుండా నడుస్తుంది. పనికి వచ్చే మనిషి నడవలేడు. ఎవరు తల తిప్పుకోలేరో వారికి మనం ఎక్కువ బాకీ పడతామని మాకు తోస్తున్నది. దీనికి శాస్త్రప్రమాణం ఏమీ చూపలేము.

2014లో అక్టోబరు 31 మొహర్రం మొదటి పది రోజులలో పడింది. అప్పటికి మేమిక్కడ లేము. మనామా పాత వీధుల్లో ఆ పది రోజులూ నల్లగుడ్డలు కడతారు, శోకానికి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరి వాకిట్లోనైనా నల్లగుడ్డమీద గబ్బిలాలు కత్తిరించి అతికించి ఉంటే, ఆ ఇంటికి పాలు వేసే మనిషి ఏమనుకుని ఉంటాడో! కావాలని చేసేవారు ఎవరూ ఉండరు. పంచాంగాలు రెండు, రెండూ తెలిసినవారు తక్కువ.

మేము రోజూ ఆసుపత్రికి పోయే దారిలో మట్టిదిబ్బలు కనబడతాయి. దిల్మున్ కాలపు సమాధులు, క్రీస్తుకు పూర్వం 2200కూ 1750కూ మధ్య కట్టినవి. ఒకప్పుడు పదుల వేలలో ఉండేవట. ఇళ్ళకూ రోడ్లకూ చాలా పోయాయి. మిగిలినవాటిలో 11,774 దిబ్బలను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అటువంటి దిబ్బలు మా ఊరిలోనూ ఉన్నాయి. మా అమ్మాయి తర్మాకోలు రాళ్ళకు కొద్ది దూరంలో నాలుగువేల ఏళ్ళనాటి అసలు సమాధులున్నాయి. వాటిమీదా పేర్లు లేవు. వాటిని చూసి ఎవరూ భయపడరు, పిల్లలు సైకిళ్ళమీద పోతుంటారు. నాలుగువేల ఏళ్ళు గడిస్తే సరిపోతుంది. పదిహేను రోజులు సరిపోవు. మధ్యలో ఎక్కడ గీత గీయాలో మాకు తెలియదు.

దుప్పటి ఆ రాత్రే తీసేశాము. మా శ్రీమతి చెప్పినట్టే జరిగింది. అతను మర్నాడు చూసి, "అయ్యో, నా మాటకు తీసిండ్రా సార్? పిల్ల ఏడ్వలేదా?" అన్నాడు. పిల్ల ఏడ్చింది. కారణం కొంత చెప్పాము. ఏడేళ్ళ పిల్లకు ఎంత చెప్పవచ్చునో అంత. "ఆ మామకు చెప్పకుండా దయ్యం పెట్టాం కదా" అని ఊరుకున్నది. మేము చెప్పినదానికన్నా ఆ మాటే సూటిగా ఉన్నది.

సాయంత్రం పని అయ్యాక అతను రెండు ఖర్జూరపు మట్టలు పట్టుకుని వచ్చాడు. మా పాత చొక్కా ఒకటి అడిగాడు. మట్టలు అడ్డంగా కట్టి, చొక్కా తొడిగి, ఎండుగడ్డి కూరి, మేము కళ్ళు తొలిచిన ఆలీ కుండనే తలగా పెట్టి, సున్నంతో పెద్ద మీసం దిద్దాడు. "మా చేన్ల గిట్లనే పెడ్తం అమ్మా. పిట్టలకు, దిష్టికి రెండిటికి పన్జేస్తది" అని పాపకు చెప్పాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ విశ్రాంతి వేళ అతనిది, దాన్ని మా పిల్ల కోసం ఖర్చు చేశాడు. మా మనసు తేలిక చేయడానికి మళ్ళీ అతనే పనిచేశాడన్న ఆలోచన మాకు ఇంకా సర్దుకోలేదు. 31 రాత్రి అమెరికా పిల్లలు దాని చుట్టూ మూగి ఏమిటిది, ఏమిటిది అని అడిగారు. మా అమ్మాయి దిష్టి అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి చాలా అవస్థ పడింది. పక్కింటి బహ్రెయినీ పెద్దావిడకు మాత్రం చెప్పనక్కరలేకపోయింది. కన్ను తగలడమన్నది వారికీ ఉన్నదే.

మొత్తం ఖర్చు రెండు దినార్ల నాలుగు వందల ఫిల్సులు. పెద్దాయనగారికి లెక్క చెప్పాము గనుక ఇదీ చెబుతున్నాము.

ఇక సంపాదకులకు ఒక మనవి. మన పత్రిక చివరిపుటలో పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, పిల్లల పరీక్షా ఫలితాలు వేస్తున్నారు, సంతోషం. శిబిరాలలో ఉండే మనవాళ్ళు ఎవరైనా పోతే ఆ వార్త మనకు ఎవరూ చెప్పరు, మనమూ వేయము. ఆ పోయినాయన పేరేమిటని మొన్న తోటలో అడిగాము. పేరు, ఊరు, ఇద్దరు పిల్లల పేర్లు కూడా చెప్పాడు. ఇంటివారిని అడగకుండా ఇక్కడ వ్రాయడం తగదని వ్రాయడం లేదు. అతను ఫోను చేసి అడుగుతానన్నాడు. వారు సరేనంటే వచ్చే సంచికలో నాలుగు పంక్తుల చోటు ఉంచవలసినదిగా కోరుతున్నాము.